నెగెటివ్ మీద చార - తప్పు ఎవరిది?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కిందట కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "ఈసారి డి.ఎ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి చెప్పేవాళ్ళు ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. మీరు వేరే ఏదైనా చెప్పండి. మీకు ఫోటోల పిచ్చి ఉంది కదా" అన్నారు. సరే అన్నాను. నేను వక్తను కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో రిటైరైన గుమాస్తాను. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే: ముందు విషయం, తర్వాత పూర్వాపరాలు, చివర నిర్ణయం. ఆ వరసలోనే చెబుతాను.

విషయం: ఇంట్లో కడిగిన బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద చారలు, మచ్చలు పడడం. ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా రావడం. దానికి కారణం ఎలా కనిపెట్టాలి, ఎలా సరిచేసుకోవాలి.

"ఈ సెల్‌ఫోన్ల కాలంలో ఫిల్ము ఎవరికి కావాలండీ?" అని ముందు వరుసలో ఒకరు నవ్వుతున్నారు. కావాలండి. మా మనవడికి కావాల్సి వచ్చింది. వాడి ఈడు పిల్లలు కొందరు పాత కెమెరాలు బయటికి తీసి, ఇల్ఫర్డ్, కొడాక్ ఫిల్ములు తెప్పించుకుని మళ్ళీ మొదలుపెట్టారు. మీ ఇళ్ళల్లో కూడా అటక మీద ఏ ఆగ్ఫా క్లిక్-త్రీయో ఉండే ఉంటుంది. అదీకాక, నేను చెప్పబోయే దాంట్లో ఫిల్ము గురించి సగమే. మిగతా సగం ఒక మనిషిని నేను అన్యాయంగా నిందించిన సంగతి.

పూర్వాపరాలు చెబుతాను. 1975 ప్రాంతంలో కర్నూలులో ఉద్యోగం. ఆఫీసు పక్కన ఒక ఫోటో స్టూడియో ఉండేది. దాన్ని నడిపే పెద్దాయనను అందరూ మాస్టారు అనేవాళ్ళు. సాయంత్రం ఆఫీసు వదలగానే ఇంటికి పోకుండా ఆయన డార్క్‌రూంలో ఎర్ర దీపం కింద నిలబడేవాడిని. ట్రేలో కాగితం మీద బొమ్మ మెల్లగా తేలడం చూసినవాడికి ఆ పిచ్చి వదలదు. కొన్నాళ్ళకు మెటాల్, హైడ్రోక్వినోన్, సోడియం సల్ఫైట్, బోరాక్స్ తూకం వేయించి తెచ్చుకుని డి-76 డెవలపరు ఇంట్లోనే కలుపుకోవడం నేర్చుకున్నాను. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ఈ లెక్క నాకు ఫండమెంటల్ రూల్స్ కన్నా బాగా గుర్తు.

ఫిల్ము కొత్త డబ్బాల్లో కొనే స్తోమత మాకు ఉండేది కాదు. బజార్లో ఒక దుకాణంలో పొడుగు ఫిల్ము చుట్టలు తెప్పించి, చీకట్లో ముక్కలు కోసి, పాత క్యాసెట్లలో చుట్టి తక్కువ ధరకు ఇచ్చేవారు. ఆ దుకాణం ఆయన నెమ్మదస్తుడు. జీతాల ముందు వారంలో అప్పు కూడా పెట్టేవారు.

1978 సంక్రాంతికి మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. ఆమెకు ఫోటో అంటే భయం, ఆయుష్షు తగ్గుతుందని. ఎంతో బతిమాలితే తులసికోట పక్కన కూర్చుంది. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన కెమెరాతో, తల పైన ఖాళీ వదలకుండా దగ్గరగా రెండు ఫోటోలు తీశాను. ఆ రాత్రే స్నానాల గదిలో దుప్పటి కప్పి ఫిల్ము ట్యాంకులోకి ఎక్కించి కడిగాను.

ఆరాక చూస్తే గుండె జారిపోయింది. ఫిల్ము ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఒక అంచున లేత చార. ప్రింటు వేస్తే ఆ చార నల్లగా అమ్మ నుదుటి మీద పడింది. నెగెటివ్‌లో పలచగా ఉన్నది ప్రింటులో నల్లగా, చిక్కగా ఉన్నది తెల్లగా వస్తుందని తెలియనివారి కోసం చెబుతున్నాను.

మర్నాడు ఆ నెగెటివ్ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. "గడువు దాటిన ఫిల్ము చుట్టి అమ్ముతారా?" అని నలుగురి ముందు గొంతు పెంచాను. ఆయన నెగెటివ్‌ను వెలుతురుకు పట్టి చూసి, "సార్, ఫిల్ము బాగానే ఉంది. మీ ట్యాంకు ఒకసారి చూసుకోండి" అన్నారు. నాకు ఇంకా మండింది. ఆయన మారు మాట్లాడకుండా ఫిల్ము ధర నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఆ దుకాణం మెట్లెక్కలేదు. అమ్మ 1981లో పోయింది. దగ్గరగా తీసిన ఫోటో ఆమెకు ఇంకొకటి లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఫిల్ము మీద వెలుతురు తగిలిన వెండి లవణాన్ని డెవలపరు వెండిగా మారుస్తుంది. ఆ పని జరిగేచోట డెవలపరు నీరసిస్తుంది. పైగా బ్రోమైడ్ విడుదలవుతుంది, అది పని నడవకుండా అడ్డుపడుతుంది. అందుచేత నీరసించిన ద్రవాన్ని తొలగించి, తాజా ద్రవాన్ని ఫిల్ము దగ్గరకు చేరుస్తూ ఉండాలి. దానికోసం ట్యాంకును తిరగేయడాన్ని అజిటేషన్ అంటారు. మన ఆఫీసుల్లో అజిటేషన్ అంటే పెన్ డౌన్, ధర్నా. ఇక్కడ కూడా సూత్రం అదే: అసలు చేయకపోతే పని జరగదు, మితిమీరితే మనకే నష్టం.

చార కనపడగానే మందు మార్చడం, ఫిల్ము మార్చడం, కెమెరా రిపేరుకు ఇవ్వడం చేయకండి. ముందు నెగెటివ్‌ను ఫైలు చదివినట్టు చదవండి. నేను ఐదు ప్రశ్నలు వేస్తాను.

మొదటి ప్రశ్న: చార ఫోటో చట్రం లోపలే ఉందా, రెండు ఫోటోల మధ్య ఖాళీలోకి, అంచుల్లోకి కూడా పాకిందా? చట్రం లోపలే ఆగిపోతే అనుమానం కెమెరా మీద, అంటే షట్టరు సమంగా నడవకపోవడం, లెన్సులోకి ఎండ కొట్టడం వంటివి. చట్రం దాటి పోతే రెండే కారణాలు: ఎక్కడో వెలుతురు చొరబడింది, లేదా కడగడంలో తేడా జరిగింది. వెలుతురు చొరబడితే నెగెటివ్ మీద నల్లదనం పెరుగుతుంది గాని ఎప్పుడూ పలచబడదు.

రెండవ ప్రశ్న: అంచు అక్షరాలు ఎలా ఉన్నాయి? ఫిల్ము అంచున కంపెనీ పేరు, అంకెలు ఉంటాయి. వాటిని ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ముద్రిస్తారు. మనం డెవలప్ చేసినప్పుడే బయటపడతాయి. మన కెమెరాతో వాటికి సంబంధం లేదు. కాబట్టి అవి నిష్పక్షపాత సాక్షులు. అక్షరాలు స్పష్టంగా ఉండి బొమ్మ పలచగా ఉంటే, ఫోటో తీసేటప్పుడు వెలుతురు చాలలేదు. అక్షరాలే వెలవెలబోతే కడగడం చాలలేదు.

మూడవ ప్రశ్న: ఏ దిక్కుగా ఉంది? పొడవునా, అడ్డంగానా, గుండ్రంగానా? నాలుగవది: నెగెటివ్‌లో చిక్కగా ఉందా, పలచగా ఉందా? ఐదవది: మెరిసే వైపు తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే పోతుందా? పోతే అది డెవలపింగ్ తప్పే కాదు, నీళ్ళ మరక. బోరు నీళ్ళు వాడేచోట ఇది మామూలు. చివరిసారి కడగడానికి డిస్టిల్డ్ వాటరు వాడితే సరిపోతుంది.

ఈ జవాబులు దగ్గర పెట్టుకుంటే కారణం దానంతటదే తేలుతుంది. ఒక్కొక్కటి చెబుతాను.

ఫిల్ము పొడవునా ఒకే అంచున పలచని చార ఉంటే ట్యాంకులో ద్రవం చాలలేదన్నమాట. ట్యాంకులో ఫిల్ము అంచు మీద నిలబడి ఉంటుంది. ద్రవం తగ్గితే పై అంచు గాలిలో ఉంటుంది, ట్యాంకును తిరగేసినప్పుడు మాత్రమే తడుస్తుంది. అందుకే పూర్తిగా ఖాళీగా రాదు, పలచగా వస్తుంది. అడ్డంగా తీసిన ఫోటోలలో ఆ చార అన్నింటికీ పైనో, అన్నింటికీ కిందో పడుతుంది. నిలువుగా తీసినవాటిలో పక్కకు వస్తుంది. ఇంకో కారణం, రీలు మధ్య గొట్టం మీద పైకి జారడం. రెండు రీళ్ళ ట్యాంకులో ఒక్క ఫిల్ము కడిగితే ఇలా జరుగుతుంది. ఫిల్ము ఉన్న రీలును కింద పెట్టి, ఖాళీ రీలును దాని మీద పెట్టండి. ఈ రోజుల్లో ఎక్కువగా దొరికే పాటర్సన్ ట్యాంకు అడుగున 35 ఎం.ఎం. రీలుకు 290 మి.లీ., 120 ఫిల్ముకు 500 మి.లీ. అని రాసి ఉంటుంది. అయినా ఒకసారి ఖాళీ రీలు పెట్టి, మూత తీసి, నీళ్ళు పోసి కళ్ళారా చూసుకోండి. రీలు పూర్తిగా మునగాలి. తర్వాత ఆ నీళ్ళు కొలిచి ట్యాంకు మీద రాసి పెట్టుకోండి.

35 ఎం.ఎం. ఫిల్ములో అంచు రంధ్రాల దగ్గర నుంచి బొమ్మలోకి చిక్కని చారలు దిగితే ట్యాంకును మరీ గట్టిగా, ఎప్పుడూ ఒకే తీరున ఊపారని అర్థం. ద్రవం రంధ్రాల గుండా విసురుగా దూసుకుపోయి, అక్కడ పని ఎక్కువ జరిగింది. ఆకాశంలోనో, తెల్లగోడ మీదో ఇవి బాగా కనపడతాయి. ట్యాంకును పాలసీసా ఊపినట్టు ఊపకండి. నెమ్మదిగా తలకిందులు చేసి నిలబెట్టాలి. ప్రతిసారీ ట్యాంకును చేతిలో కొంచెం తిప్పి పట్టుకోవాలి, ప్రవాహం ఒకే దారిన పోకుండా.

దీనికి ఎదురు తప్పు అసలు కదపకపోవడం. నెగెటివ్‌లో బాగా చిక్కగా ఉన్న భాగం కింద పలచని తోకలు వేలాడుతాయి. అక్కడ పుట్టిన బ్రోమైడ్ బరువుగా ఉండి కిందికి జారుతూ, దారిలో పని ఆపేస్తుంది. మొదట్లో నేను ట్యాంకు పెట్టి పేపరు చదువుతూ కూర్చునేవాడిని. కాలం గడిస్తే పని అదే అవుతుందనుకున్నాను. ఫైలు టేబులు మీద ఉన్నంత మాత్రాన కదలదని మనకు తెలియంది కాదు.

నెగెటివ్ మీద గుండ్రని, అంచు తేరిన ఖాళీ చుక్కలుంటే గాలిబుడగలు అంటుకున్నాయి. ప్రింటులో నల్ల చుక్కలుగా వస్తాయి. ద్రవం పోయగానే, తిరగేసిన ప్రతిసారీ, ట్యాంకు అడుగును బల్ల మీద రెండుసార్లు తట్టాలి. మందు పోసే ముందు ఫిల్మును నీళ్ళతో తడపాలని కొందరు, వద్దని కొందరు అంటారు. ఇల్ఫర్డ్ వారు వద్దనే చెబుతారు. నేను తడపను. మీరు ఏది చేసినా ప్రతిసారీ అదే చేయండి.

ఒకచోట రూపం లేని మచ్చ, అక్కడ బొమ్మ లేకుండా పాల తొడుగులా మిగిలితే, రీలులో ఫిల్ము చుట్టుకు చుట్టు అంటుకుని ద్రవం అక్కడికి చేరలేదు. మళ్ళీ హైపోలో వేస్తే ఆ తొడుగు పోతుంది గాని బొమ్మ రాదు. రీలు ఎముకలా ఆరి ఉండాలి. తడి ఉంటే ఫిల్ము ఎక్కదు, బలవంతం చేస్తే ఇలా అంటుకుంటుంది, లేదా మడతపడి చంద్రవంక ఆకారంలో గుర్తు పడుతుంది. పాడైన ఫిల్ము ముక్క ఒకటి పెట్టుకుని కళ్ళు మూసుకుని పదిసార్లు సాధన చేయండి. ఇంకొకటి, చివర్లో వాడే సబ్బు వంటి ద్రవాన్ని రీలు మీద పోయకండి. రీలు తీసేసి ఫిల్మును విడిగా ముంచండి. ఆ జిగురు రీలుకు పట్టి, వచ్చేసారి నురుగు కట్టి ఇబ్బంది పెడుతుంది.

పోయడంలో ఆలస్యమైనా చారలు వస్తాయి. ఇది ఈనాటి సంగతి కాదు. సికిందరాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ (1844-1905) ఫోటోగ్రఫీ మొదలుపెట్టిన రోజుల్లో తడి గాజు పలకలు వాడేవారు. ఆ పలక మీద డెవలపరును ఒక్క విసురులో అంతటా పారించాలి. చెయ్యి తడబడితే ద్రవం ఆగినచోట గీత పడేది. మనకు ట్యాంకు ఉంది కాబట్టి పది సెకన్లలో పోసి, వెంటనే కదపడం మొదలుపెడితే చాలు.

ఇప్పటిదాకా చెప్పినవి అన్ని ఊళ్ళకూ వర్తిస్తాయి. మన ఎండలకు ప్రత్యేకమైనది ఒకటుంది. అది కనిపెట్టడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పుస్తకాల్లో కాలమంతా 20 డిగ్రీలకు రాసి ఉంటుంది. ఏప్రిల్‌లో కర్నూలులో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. వేడి పెరిగితే డెవలపరు వేగంగా పనిచేస్తుంది. డిగ్రీకి సుమారు పదోవంతు కాలం తగ్గించాలి. ఉదాహరణకు ఇల్ఫర్డ్ హెచ్.పి.5 ప్లస్ ఫిల్ముకు ఐడి-11 డెవలపరు చిక్కగా వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. 27 డిగ్రీలకు లెక్క వేస్తే నాలుగు నిమిషాల లోపే. చిక్కు అక్కడే ఉంది. ఐదు నిమిషాల కన్నా తక్కువ కాలంలో కడిగితే సమానంగా రావడం కష్టం. పోయడానికి పట్టే పది సెకన్లు, పారబోయడానికి పట్టే పది సెకన్లు మొత్తం కాలంలో పెద్ద వాటా అవుతాయి. ముందు తడిసినచోటు, వెనక తడిసినచోటు తేడా కనపడుతుంది.

దీనికి రెండు ఉపాయాలు. ఒకటి, డెవలపరుకు సమానంగా నీళ్ళు కలిపి పలచన చేయడం. అప్పుడు అదే ఫిల్ముకు 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు పడుతుంది. 26 డిగ్రీలున్నా సుమారు ఏడు నిమిషాలు మిగులుతాయి. ఖచ్చితమైన అంకె కంపెనీ పట్టికలో చూసుకోవాలి. పలచన చేసినదాన్ని ఒకసారి వాడి పారబోయాలి. రెండో ఉపాయం మన అమ్మమ్మలు చెప్పిందే. మట్టి కూజాలో రాత్రి నీళ్ళు పోసి కిటికీ దగ్గర పెట్టండి. తెల్లవారుజామున ఆ నీళ్ళతో పని చేయండి. ఇంకా చల్లబడాలంటే బేసినులో నీళ్ళు పోసి, ఐసు ముక్కలు వేసి, అందులో డెవలపరు సీసా నిలబెట్టండి. ఐసును డెవలపరులోనే వేస్తే అది పలచబడుతుంది, లెక్క తప్పుతుంది. డెవలపరు చల్లగా ఉండి హైపో, కడిగే నీళ్ళు వేడిగా ఉండకూడదు. అన్నీ రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉండేట్టు చూసుకోండి.

నా ప్రస్తుత పద్ధతి ఇది. మందు పోయగానే మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తిరగేస్తాను. తర్వాత ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లలో నాలుగుసార్లు. ప్రతిసారీ తట్టడం. కాలం ముగియడానికి పది సెకన్ల ముందు పారబోయడం మొదలుపెట్టి, వెంటనే వెనిగరు నీళ్ళు పోస్తాను. కిరాణా కొట్టులో దొరికే తెల్ల వెనిగరు ఒక పాలు, నీళ్ళు మూడు పాళ్ళు. దానితో పని అన్నిచోట్లా ఒకేసారి ఆగుతుంది. తర్వాత హైపో, ఆపైన కడగడం. హైపో సత్తువ ఉందో లేదో తెలియాలంటే ఫిల్ము ముక్క ఒకటి అందులో వేసి, ఎంతసేపటికి తేటపడిందో చూసి, దానికి రెట్టింపు కాలం ఉంచాలి.

అయినా అనుమానం తీరకపోతే తెల్లగోడ పరీక్ష చేయండి. నీడలో ఉన్న తెల్లగోడను ఒక ఫిల్ము అంతా తీసి కడగండి. బొమ్మలేమీ ఉండవు కాబట్టి తప్పు దాక్కోవడానికి చోటుండదు. ముఖ్యంగా, ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు మార్చితే దేనివల్ల బాగుపడిందో తెలియదు. తేదీ, వేడి, ఎన్ని మి.లీ., ఎన్ని నిమిషాలు, ఎలా కదిపారు అన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ముప్ఫయి అయిదేళ్ళు నోటు ఫైళ్ళు రాసినవాళ్ళం, ఇది మనకు కష్టం కాదు.

సోదరీమణులు అడగబోయేది నాకు తెలుసు. వంటింటి గ్లాసులు, గిన్నెలు ఈ పనికి ఒక్కటి కూడా వాడకూడదు. మా ఆవిడ మొదటి వారంలోనే ఈ సర్క్యులరు జారీ చేసింది. మెటాల్ కొందరి చర్మానికి పడదు, చేతికి తొడుగులు వేసుకోవాలి. సీసాలకు చీటీలు అంటించి, చిన్నపిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, మొక్కలకు, బావి దగ్గర పారబోయకండి.

ఇక నిర్ణయం.

2022లో మా మనవడు తన మొదటి ఫిల్ము కడిగి, మొహం వేలాడేసుకుని తెచ్చాడు. "తాతయ్యా, ఫిల్ము మోసం. డబ్బులు వాపసు అడుగుతాను" అన్నాడు. వెలుతురుకు పట్టి చూశాను. ఒక అంచున పొడవునా లేత చార. అది ఎక్కడ చూశానో నాకు వెంటనే తెలిసింది. ఇద్దరం ట్యాంకులో రీలు పెట్టి నీళ్ళు పోశాం. వాడు సీసా మీద అంచనాగా గీసుకున్న గుర్తు వరకు పోస్తే రీలు పైభాగం బయటే ఉంది.

వాడు నవ్వుకుని వెళ్ళిపోయాడు. నాకు నవ్వు రాలేదు. ట్రంకు పెట్టెలో నుంచి 1978 నాటి నెగెటివ్ తీశాను. అదే చార. ఆ అంచున కంపెనీ అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. రెండో అంచున అంకెలు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. ఫిల్ము పాతదైతే రెండు అంచులూ చెడాలి. సాక్ష్యం నలభై నాలుగేళ్ళు నా పెట్టెలోనే ఉంది, నేను చదవలేదు. నా పాత నోటుబుక్కు కూడా దొరికింది. ఆ రాత్రి రాసుకున్నాను: డెవలపరు అర లీటరు, రెండు ఫిల్ములకు. అంటే ఒక్కోదానికి 250. ఆ ట్యాంకుకు 300 కావాలి. యాభై మిల్లీలీటర్ల పొదుపు అమ్మ నుదురు తినేసింది. దుకాణం ఆయన ఆ వేళ ఒక్క చూపులో చెప్పింది ఇదే.

మరుసటి నెల కర్నూలు వెళ్ళాను. ఆ దుకాణం ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయిందట. కౌంటరులో ఆయన కొడుకు ఉన్నారు, ఆయనకూ అరవై దాటాయి. జరిగినదంతా చెప్పి, "తప్పు నాది నాయనా, మీ నాన్నగారిది కాదు" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా నాన్న ఇలాంటివి ఇంట్లో చెప్పేవారు కాదండి. ఇప్పుడైనా తెలిసింది, సంతోషం" అని కుర్చీ వేసి టీ తెప్పించారు. ఫిల్ము ధర తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

అమ్మ ఫోటో సంగతి కూడా చెప్పి ముగిస్తాను. డెవలపరు అసలు తగలని చోట ఏమీ ఉండదు. తక్కువ తగిలిన చోట కొంత ఉంటుంది. పూర్వం మాస్టారు ఎన్‌లార్జరు కింద అట్టముక్క అడ్డుపెట్టి, పలచని భాగానికి వెలుతురు తగ్గించి ప్రింటు తీసేవారు. ఆ పనే ఇప్పుడు మనవడు నెగెటివ్‌ను స్కాన్ చేసి కంప్యూటరులో చేశాడు. చార పూర్తిగా పోలేదు, అక్కడ కాస్త ఇసుక చల్లినట్టుంది. కాని అమ్మ నుదుటి ముడతలు కనపడుతున్నాయి. ఆ ప్రింటు మా ఇంట్లో గోడ మీద ఉంది. ఎవరైనా ఆ మరక ఏమిటని అడిగితే, అది నా చేతి పని అని చెబుతున్నాను.

మీ ఇళ్ళల్లో పాత నెగెటివ్‌లుంటే పారేయకండి. ఒక్కసారి వెలుతురుకు పట్టి, అంచులు కూడా చూడండి.